దిమ్మ తగ్గిందని ఎవరు చెప్పాలి?

2019 ఆగస్టు 17న లార్డ్స్‌లో జోఫ్రా ఆర్చర్ వేసిన బౌన్సర్ స్టీవ్ స్మిత్‌కి చెవి కింద, మెడ మీద తగిలింది. మనిషి బోర్లా పడిపోయాడు. అప్పటికి అతని స్కోరు 80. జట్టు డాక్టరు వచ్చి చూశాడు, లోపలికి తీసుకెళ్ళారు, పరీక్షలు పెట్టారు. అన్నిట్లోనూ పాసయ్యాడు. దాదాపు ముప్పావుగంటలో మళ్ళీ బ్యాటు పట్టుకుని వచ్చి, 92 దగ్గర అవుటయ్యాడు. మర్నాడు పొద్దున లేచేసరికి తలనొప్పి, మగత. మళ్ళీ పరీక్షిస్తే ఈసారి ఫలితాలు తేడాగా వచ్చాయి. ఆ మ్యాచ్‌లో ఇక ఆడలేదు, తర్వాతి లీడ్స్ టెస్టూ ఆడలేదు. అతని బదులు దిగిన మార్నస్ లబుషేన్ టెస్టుల్లో మొట్టమొదటి కంకషన్ సబ్‌స్టిట్యూట్ అయ్యాడు. ఆ నిబంధన అమల్లోకొచ్చి అప్పటికి మూడు వారాలు కూడా కాలేదు.

ఈ ఉదంతంలో అందరికీ ఆర్చర్ బంతి గుర్తుంటుంది. నన్ను మాత్రం ఆ ముప్పావుగంట వదిలిపెట్టదు. అక్కడ ఎవరూ అబద్ధమాడలేదు. పరీక్షలు పెట్టాల్సినవాళ్ళు పెట్టారు, ఆడాలనుకున్నవాడు ఆడాడు. అయినా సాయంత్రం బయటపడని సంగతి మర్నాటి పొద్దుటికి గానీ బయటపడలేదు. తలకి దెబ్బ తగలడం స్టేడియం మొత్తానికీ కనబడుతుంది, అందులోంచి కోలుకోవడం మాత్రం ఎవరికీ కనబడదు. కనబడని దాన్ని ‘అయిపోయింది’ అని ఎవరో ఒకరు ప్రకటించాలి. గత నూట ఇరవై ఏళ్ళుగా ఆ ప్రకటన ఎవరు చేశారు, ఏం చూసి చేశారు అన్నదే నా దృష్టిలో కంకషన్ అసలు చరిత్ర. దెబ్బల చరిత్ర అందులో చిన్న భాగం.

మన భాషలో కంకషన్‌కి వాడుకలో స్థిరపడిన మాట లేదు. పాఠ్యపుస్తకాల కోసం ఎవరైనా కట్టి ఉంటారేమోగానీ జనం నోట్లో లేదు. జనం నోట్లో ఉన్నవి దిమ్మ తిరగడం, కళ్ళు బైర్లు కమ్మడం, పట్టపగలే చుక్కలు కనబడటం. ఈ మాటలన్నిటికీ ఒక పోలిక ఉంది. ఇవన్నీ క్షణికాలు. దిమ్మ తిరుగుతుంది, తగ్గిపోతుంది. వారం రోజులపాటు దిమ్మ తిరిగే ఉందని ఎవరూ అనరు. ఇది మన ఒక్కరి తీరూ కాదు. అమెరికన్ ఫుట్‌బాల్ వాళ్ళు తలలో గంట మోగిందనేవారు. మోగిన గంట ఆగుతుంది కదా!

పాతకాలపు వైద్యులు కూడా దాదాపు ఇలాగే అనుకున్నారు. పదో శతాబ్దపు పర్షియన్ వైద్యుడు అల్ రాజీ, పుర్రె పగలకుండా, మెదడుకి గాయం లేకుండా కూడా తల అదిరిపోయే స్థితి ఒకటుందని విడిగా గుర్తించాడంటారు. పదమూడో శతాబ్దంలో లాన్‌ఫ్రాంక్, మెదడు కుదుపుకి లోనై కాసేపు పనిచేయడం మానేస్తుందని, తర్వాత మామూలైపోతుందని రాశాడు. ఏడొందల ఏళ్ళ కిందటి మాటకి ఇది గొప్ప పరిశీలనే. కానీ ఆ ‘మామూలైపోతుంది’ అన్న ముక్క తర్వాతి వాళ్ళందరికీ మరీ సుఖంగా అమరిపోయింది.

ఆటల దగ్గరికొస్తే ముందుగా 1905 చెప్పుకోవాలి. ఆ ఏడాది అమెరికాలో ఫుట్‌బాల్ ఆడుతూ పద్దెనిమిది, పందొమ్మిది మంది కుర్రాళ్ళు చనిపోయారు. ఆటని నిషేధించాలన్న గోల మొదలైంది. అధ్యక్షుడు థియోడర్ రూజ్‌వెల్ట్ హార్వర్డ్, యేల్, ప్రిన్స్‌టన్ ప్రతినిధులని వైట్‌హౌస్‌కి పిలిపించి మాట్లాడాడు. ఆయన కొడుకు కూడా అప్పుడు హార్వర్డ్‌లో అదే ఆట ఆడుతున్నాడు. మరుసటి ఏడాది నిబంధనలు మారాయి, బంతిని ముందుకి విసరడం చట్టబద్ధమైంది. ఈ కథ క్రీడాచరిత్రల్లో బాగానే చెప్తారు. అంతగా చెప్పనిది 1906 జనవరిలో బోస్టన్ వైద్యపత్రికలో వచ్చిన ఒక వ్యాసం గురించి. హార్వర్డ్ జట్టు వైద్యులు నికల్స్, స్మిత్ ఆ సీజన్‌లో తమ ఆటగాళ్ళకి తగిలిన దెబ్బలన్నీ లెక్కగట్టారు. అందులో కంకషన్లు 19. దెబ్బతిన్న ప్రతివాడికీ ఎంతో కొంత జ్ఞాపకం పోయిందని రాశారు. కొందరు అయోమయంగా ఉన్నా ఆడుతూనే పోయారట. ఆటగాళ్ళు దీన్ని చిన్న విషయంగా, ఇంకా చెప్పాలంటే నవ్వులాటగా తీసుకుంటారని కూడా రాశారు. కొన్నేళ్ళ తర్వాత దీని ఫలితం ఎలా ఉంటుందోనన్న అనుమానమూ వాళ్ళకుంది. అంటే ఈ విషయంలో అడగాల్సిన ప్రశ్నలన్నీ 1906కే కాగితం మీద ఉన్నాయి. నిబంధనలు మార్చినవాళ్ళు లెక్కపెట్టింది చావుల్ని. మర్నాటికి లేచి నడుస్తున్నవాడు ఏ లెక్కలోకీ రాలేదు.

1928లో హారిసన్ మార్ట్‌లాండ్ ఆ లెక్క తెరిచాడు. ఈయన న్యూజెర్సీలో ప్రభుత్వ శవపరీక్ష వైద్యుడు. (గడియారాల ముళ్ళకి రేడియం రంగు వేస్తూ జబ్బుపడిన అమ్మాయిల ఒంట్లో రేడియం ఉందని చూపించింది కూడా ఈయనే. కంపెనీలకి నచ్చని నిజాలు చెప్పడం ఆయనకి అలవాటనుకోవాలి.) బాక్సింగ్ చూసే జనం తూలుతూ నడిచే పాత బాక్సర్లని ‘పంచ్ డ్రంక్’ అని వెక్కిరిస్తారు కదా, ఆ వెక్కిరింత వెనక నిజమైన జబ్బుందని మార్ట్‌లాండ్ రాశాడు. శాస్త్రం కంటే టికెట్ కొనుక్కున్న ప్రేక్షకుడే ముందు కనిపెట్టాడన్నమాట. అయితే ఇది బాక్సర్ల జబ్బుగానే ఉండిపోయింది, అందులోనూ పేద బాక్సర్ల జబ్బుగా. కాలేజీ కుర్రాళ్ళ ఆటకి ఇది వర్తిస్తుందని చాలాకాలం ఎవరూ అనుకోలేదు.

ఇంతకీ లోపల జరిగేదేమిటి? దీనికి మొదటి మంచి జవాబు ఒక ఫిజిక్స్ ఆయన దగ్గర్నుంచి వచ్చింది. 1935లో ‘లారెన్స్ ఆఫ్ అరేబియా’గా పేరుపడ్డ టి.ఇ. లారెన్స్ మోటార్‌సైకిల్ ప్రమాదంలో తలకి దెబ్బతగిలి ఆరు రోజులకి చనిపోయాడు. చూసిన వైద్యుల్లో ఒకడైన హ్యూ కెయిర్న్స్ ఆ తర్వాత హెల్మెట్ల మీద పడ్డాడు. సైన్యంలో మోటార్‌సైకిల్ నడిపేవాళ్ళకి హెల్మెట్లు తప్పనిసరి కావడంలో ఆయన పాత్ర పెద్దది. ఆక్స్‌ఫర్డ్‌లో ఆయన దగ్గరే పనిచేసిన హోల్‌బోర్న్ 1943లో మైనపు పుర్రెలో జెలటిన్ పోసి, తిప్పి చూశాడు. మెదడుని నొక్కి కుదించడం చాలా కష్టం, కానీ దాని ఆకారం మార్చడం చాలా తేలిక. అందుకని తిన్నగా తగిలిన దెబ్బ కంటే తలని గిరుక్కున తిప్పే దెబ్బ ఎక్కువ హాని చేస్తుందని తేల్చాడు. గిన్నెలో జున్నుని విసురుగా తిప్పితే గిన్నెకేం కాదు, జున్ను లోపల పొరలు ఒకదాని మీద ఒకటి జారతాయి. మెదడులో అలా సాగేవి పొడవాటి నాడీతంతువులు. హెల్మెట్ పుర్రెని కాపాడుతుంది, తల తిరగడాన్ని పెద్దగా ఆపలేదు. హెల్మెట్ ఉంది కదా అని టీవీ ముందు కూర్చుని మనం ధీమాగా ఉంటాం గానీ, హోల్‌బోర్న్ చెప్పిన లెక్కలో ఆ ధీమాకి సగమే చోటుంది.

తంతువులు సాగాక ఏమవుతుందన్నది తేలడానికి ఇంకో యాభై ఏళ్ళు పట్టింది. 2001లో లాస్ ఏంజెలెస్ పరిశోధకులు గిజా, హోవ్డా అప్పటివరకు జంతువుల మీద జరిగిన ప్రయోగాలన్నీ ఒకచోట పేర్చి చూపించారు. సాగిన నాడీకణం పొరలోంచి పొటాషియం బయటికి పోతుంది, కాల్షియం లోపలికి చొరబడుతుంది, గ్లుటమేట్ అదుపు లేకుండా విడుదలై పక్కకణాలని కూడా రెచ్చగొడుతుంది. చెదిరిన ఉప్పులని ఎక్కడివక్కడ పెట్టడానికి కణంలోని పంపులు శక్తికొద్దీ పనిచేస్తాయి, అందుకు గ్లూకోజ్ విపరీతంగా కాలుతుంది. సరిగ్గా అప్పుడే మెదడుకి రక్తసరఫరా తగ్గుతుంది. అంటే ఖర్చు పెరిగిన నెలలోనే జీతం కోత పడినట్టు. ఈ తొలి హడావిడి తర్వాత కణాలు మందగించిన దశలోకి వెళ్తాయి. ఎలుకల్లో అది వారం నుంచి పది రోజులు ఉంటుంది. కణాలు చచ్చిపోనక్కర్లేదు, చాలావరకు చావవు కూడా. అందుకే మామూలు సీటీ స్కాన్‌లో ఏమీ కనబడదు. స్కాన్ చూపేది గోడలు కూలాయా లేదా అన్నది, లోపల కరెంటు సరిగ్గా వస్తోందా లేదా అన్నది కాదు.

మా సాఫ్ట్‌వేర్ వాళ్ళకి దీన్ని అర్థం చేసుకోవడం కొంత తేలిక. కూలిపోయిన సర్వర్‌ని లేపితే నిమిషంలో పచ్చలైటు వెలుగుతుంది, అడిగినదానికి జవాబిస్తుంది. వెనక డేటా మాత్రం ఇంకా సర్దుకుంటూనే ఉంటుంది. ఆ సమయంలో దాని మీద పూర్తి భారం వేస్తే రెండోసారి కూలడం మొదటిదానిలా ఉండదు. పోలిక ఇంతవరకే పనికొస్తుంది, ఎందుకంటే మెదడుకి బ్యాకప్ లేదు.

ఆ ‘రెండోసారి’ మెదడు విషయంలో ఎంత నిజమో 2003లో తెలిసింది. అమెరికా కాలేజీ ఫుట్‌బాల్ ఆటగాళ్ళ మీద గస్కివిచ్ బృందం చేసిన పెద్ద అధ్యయనంలో ఒకే సీజన్‌లో రెండోసారి కంకషన్ అయినవాళ్ళు 12 మంది. వాళ్ళలో 11 మందికి అది మొదటి దెబ్బ తగిలిన పది రోజుల్లోపే అయింది. ఎలుకల్లో కనబడిన గడువూ ఇదీ పక్కపక్కన పెట్టి చూడండి. 12 చిన్న సంఖ్యే, ఎలుక మనిషి కాదు, ఒప్పుకుంటాను. కానీ జాగ్రత్తపడటానికి ఇంతకంటే ఏం కావాలి? అదే ఏడాది వచ్చిన ఇంకో అధ్యయనంలో ఎక్కువమంది వారంలోపు లక్షణాల పరంగా మామూలయ్యారు. ఇక్కడే అసలు చిక్కుంది. తలనొప్పి పోవడం, తూలు తగ్గడం, లెక్కలు మళ్ళీ చేయగలగడం ఒకే రోజు జరగవు. లక్షణాలన్నీ పోయిన రోజు కూడా కణాల పని పూర్తయిందని హామీ లేదు.

ఆ రోజుల్లో వృత్తి ఫుట్‌బాల్ సంస్థ ఎన్.ఎఫ్.ఎల్. ఏం చేస్తోంది? 1994లో తలదెబ్బల మీద ఒక కమిటీ వేసింది. దానికి అధ్యక్షుడు ఎలియట్ పెల్‌మన్, కీళ్ళవాతం డాక్టరు. ఇది నేను జోకుగా రాయడం లేదు. ఆ కమిటీ 2003 నుంచి వరసగా పరిశోధనా వ్యాసాలు వేసింది. దెబ్బతగిలిన ఆటలోనే మళ్ళీ దిగినవాళ్ళకి అదనపు ప్రమాదమేమీ కనబడలేదని వాటిలో ఒకటి చెప్పింది. కాలేజీ, హైస్కూలు పిల్లల్ని కూడా అదే రోజు దింపడం క్షేమమే కావచ్చన్నంత దూరం వెళ్ళింది. వాళ్ళు డేటా కల్పించారని నేను అనను. కానీ వాళ్ళ పద్ధతి చూడండి. జట్టు డాక్టరు బాగానే ఉందనుకున్నవాడే ఆటలోకి దిగుతాడు, దిగినవాడికి ఆ సీజన్‌లో ఏమీ కాకపోతే దిగడం మంచిదేనని తేలుతుంది. ఆటగాణ్ణి త్వరగా దించాలనుకునే వ్యవస్థ తన నిర్ణయాలనే తనకి సాక్ష్యంగా తెచ్చుకుంది.

2002లో మైక్ వెబ్‌స్టర్ యాభై ఏళ్ళకి చనిపోవడం, పిట్స్‌బర్గ్‌లో నైజీరియా నుంచి వచ్చిన బెన్నెట్ ఒమాలు ఆయన మెదడులో టౌ ప్రోటీన్ ముద్దలు చూడటం, 2005లో ఆ వ్యాసం రావడం, దాన్ని వెనక్కి తీసుకోమని కమిటీ సభ్యులు ఉత్తరం రాయడం, ఇదంతా విల్ స్మిత్ సినిమా పుణ్యమా అని చాలామందికి తెలుసు. అందుకని వదిలేస్తున్నాను. ఒక్క జాగ్రత్త మాత్రం చెప్పాలి. 2017లో బోస్టన్ పరిశోధకులు చూసిన 111 మంది ఎన్.ఎఫ్.ఎల్. ఆటగాళ్ళ మెదళ్ళలో 110 మందికి ఆ జబ్బుందన్న సంఖ్య తరచూ వినబడుతుంది. అవి కుటుంబాలు అనుమానం వచ్చి దానమిచ్చిన మెదళ్ళు. దాన్నిబట్టి ఆటగాళ్ళలో 99 శాతానికి జబ్బు వస్తుందనడం తప్పు. పైగా అది ఏళ్ళ తరబడి పడ్డ వేల చిన్న దెబ్బల కథ, ఒక కంకషన్ నుంచి కోలుకోవడం వేరే కథ. రెండిటినీ కలిపేస్తే బెదిరిపోయిన తల్లిదండ్రులు మిగులుతారు, జాగ్రత్తపడిన తల్లిదండ్రులు కాదు.

పిల్లల విషయంలో మార్పు కోర్టుల కంటే, సినిమా కంటే ముందు ఒక రాష్ట్ర శాసనసభలో వచ్చింది. వాషింగ్టన్ రాష్ట్రంలో 2006లో పదమూడేళ్ళ కుర్రాడు తలకి దెబ్బతగిలాక అదే ఆటలో మళ్ళీ దిగి, ఆట అయ్యాక కుప్పకూలాడు. బతికాడు గానీ, మళ్ళీ మాట్లాడటానికి, నిలబడటానికి ఏళ్ళు పట్టింది. 2009లో అతని పేరు మీదే లిస్టెడ్ట్ చట్టం వచ్చింది: అనుమానం వస్తే పిల్లాణ్ణి ఆటలోంచి తీసేయాలి, అర్హతగల వైద్యుడు రాసిచ్చేదాకా మళ్ళీ దించకూడదు. 2014కల్లా అమెరికాలోని అన్ని రాష్ట్రాల్లోనూ ఇలాంటి చట్టాలు వచ్చాయి. నాకు ఇందులో నచ్చింది ఆ పిల్లాణ్ణి అడక్కపోవడం. ‘ఆడగలవా?’ అని దెబ్బతిన్న మెదడునే అడిగి, అది ఇచ్చిన జవాబుని నమ్మడం ఎంత విచిత్రమైన పనో ఒకసారి ఆలోచించండి. మా వారాంతపు క్రికెట్‌లో హెల్మెట్‌కి బంతి తగిలితే ఈరోజుకీ అడిగేది అదే: ‘ఓకేనా బ్రో, ఆడతావా?’ ఆడనని ఎవరంటారు?

పెద్ద క్రికెట్టూ దీనికి మరీ దూరంగా లేదు. 2020 డిసెంబర్‌లో కాన్‌బెరా టీ20లో ఆఖరి ఓవర్లో స్టార్క్ బంతి జడేజా హెల్మెట్‌కి తగిలింది. ఇన్నింగ్స్ చివరిదాకా అతనే ఆడాడు. విరామం తర్వాత అతని బదులు చాహల్ వచ్చి మూడు వికెట్లు తీశాడు. ఆల్‌రౌండర్ బదులు స్పెషలిస్టు బౌలరా అని వారం రోజులు వాదించుకున్నాం. బంతి తగిలిన వెంటనే జడేజా తలని ఎవరూ ఎందుకు పరీక్షించలేదన్న ప్రశ్న ఆ వాదనల అడుగున పడిపోయింది.

ఇదంతా తొందరపాటు చరిత్ర. దీనికి సరిగ్గా ఎదురుగా ఇంకో చరిత్ర ఆసుపత్రుల్లో నడిచింది. మైదానంలో ‘లేచి ఆడు’ అంటే, ఆసుపత్రిలో ‘కదలకుండా పడుకో’. శక్తి కొరత సిద్ధాంతం, దెబ్బ తగిలిన వెంటనే చక్రం తిప్పిన ఎలుకలకి మేలు జరగలేదన్న 2004 ప్రయోగం, మైదానాల్లో జరిగిన ఘోరాలు, అన్నీ కలిసి డాక్టర్లని రెండో కొసకి తోశాయి. లక్షణాలు పూర్తిగా పోయేదాకా శరీరానికీ బుర్రకీ విశ్రాంతి అన్నది ప్రమాణమైంది. కొన్నిచోట్ల అది చీకటి గదిదాకా వెళ్ళింది: బడి లేదు, పుస్తకం లేదు, ఫోను లేదు, స్నేహితులు లేరు. పదిహేనేళ్ళ పిల్లాణ్ణి రెండు వారాలు అలా ఉంచితే దెబ్బ తగలకపోయినా తలనొప్పి, దిగులు, నిద్రపట్టకపోవడం వస్తాయి. అవే కంకషన్ లక్షణాలు కూడా. కాబట్టి ఇంకో వారం చీకటి.

విచారమేమిటంటే, దీనికి జవాబు ఎప్పుడో వచ్చేసింది. 1972లో హెల్సింకీ ఆసుపత్రిలో కంకషన్ రోగులని రెండు జట్లుగా విడదీశారు. ఒక జట్టుకి మామూలు పద్ధతి. రెండో జట్టుని త్వరగా మంచం దింపి, వ్యాయామం చేయించి, జబ్బు గురించి వివరంగా చెప్పి ధైర్యమిచ్చారు. మొదటివాళ్ళు సగటున 32 రోజులకి పనిలోకి వెళ్తే, రెండోవాళ్ళు 18 రోజులకి వెళ్ళారు. బ్రిటిష్ మెడికల్ జర్నల్‌లో అచ్చయిన ఆ వ్యాసాన్ని క్రీడావైద్యం నలభై ఏళ్ళపాటు పెద్దగా పట్టించుకోలేదు. 2015లో విస్కాన్సిన్‌లో ఎమర్జెన్సీకి వచ్చిన 88 మంది పిల్లల్ని, యువకుల్ని చూశారు. ఐదు రోజులు గట్టిగా విశ్రాంతి తీసుకున్నవాళ్ళకి, ఒకట్రెండు రోజులు మాత్రమే తీసుకున్నవాళ్ళకంటే ఎక్కువ బాధలు ఉన్నాయని తేలింది. బఫెలోలో జాన్ లెడ్డీ ట్రెడ్‌మిల్ తెచ్చాడు. గుండె ఎంత వేగంగా కొట్టుకున్నప్పుడు తలనొప్పి పెరుగుతుందో చూసి, అందులో 80 శాతం దగ్గర రోజూ నడిపించాడు. 2019లో ఆయన ఫలితాలు వచ్చాయి: 103 మంది టీనేజ్ ఆటగాళ్ళలో ఇలా నడిచినవాళ్ళు 13 రోజులకి, ఒళ్ళు సాగదీసే వ్యాయామాలతో సరిపెట్టుకున్నవాళ్ళు 17 రోజులకి కోలుకున్నారు. నాలుగు రోజుల తేడా గొప్పగా కనబడకపోవచ్చు. దీనికి మందు లేదన్నది గుర్తుంచుకుంటే అది పెద్ద తేడానే. 2022లో ఆమ్‌స్టర్‌డామ్‌లో కూర్చున్న నిపుణులు చెప్పింది ఇదే: ఒకటి, రెండు రోజులు తగుమాత్రం విశ్రాంతి, స్క్రీన్లు తగ్గించడం, ఆ తర్వాత నడక, మెల్లిగా మెట్టు మెట్టుగా పైకి. మళ్ళీ తలకి దెబ్బతగిలే అవకాశమున్న ఆట మాత్రం అన్నిటికంటే చివర.

కదలడం వేరు, దెబ్బకి తల ఒడ్డడం వేరు. కోలుకుంటున్న మెదడుకి మొదటిది మేలు, రెండోది ప్రమాదం. మైదానమూ ఆసుపత్రీ రెండూ ఈ తేడా చూడకుండా వందేళ్ళు గడిపేశాయి. ఒకటి రెండిటికీ అనుమతిచ్చింది, ఇంకోటి రెండిటినీ ఆపేసింది.

ఇక ఎన్నాళ్ళు ఆగాలన్న ప్రశ్న. రగ్బీలో డెబ్బైల నుంచీ ఒక మొరటు నిబంధన ఉండేది: కంకషన్ అయితే మూడు వారాలు ఆట లేదు. ఏ పరీక్షా లేదు, ఏ వాదనా లేదు. అది అశాస్త్రీయమని, ప్రతి ఆటగాడూ వేరని, అంత శిక్షకి భయపడి దెబ్బని దాచేస్తున్నారని 2011లో తీసేశారు. ఈ కారణాలన్నిట్లోనూ కొంత నిజముంది. దాని బదులు మెట్లు మెట్లుగా తిరిగొచ్చే పద్ధతి పెట్టారు, దాంతో వారంలోపే ఆడొచ్చు. 2012లో మైదానం పక్కన ఐదు నిమిషాల పరీక్ష పెట్టి, పాసైతే అదే ఆటలో దింపడం మొదలెట్టారు. ఐర్లాండ్ తరఫున ఆడిన డాక్టరు బ్యారీ ఓడ్రిస్కాల్, ఐదు నిమిషాల్లో కంకషన్ లేదని తేల్చే పరీక్ష ప్రపంచంలో లేదంటూ వైద్యకమిటీకి రాజీనామా చేసి వెళ్ళిపోయాడు. తర్వాత ఆ ఐదు నిమిషాలు పది అయ్యాయి.

2023లో బ్రిటన్ తన ఔత్సాహిక క్రీడలన్నిటికీ, బడిపిల్లల దగ్గర్నుంచి ఆదివారపు జట్లదాకా, ఒకే మార్గదర్శకం తెచ్చింది. పోటీ ఆటలోకి 21 రోజుల్లోపు రాకూడదు, ఆలోపు కనీసం 14 రోజులు ఏ లక్షణమూ ఉండకూడదు. అంటే పారేసిన మూడు వారాలే మళ్ళీ వచ్చాయి. వృత్తి రగ్బీలో మాత్రం అంతకు ముందు ఏడాది పెట్టుకున్న గడువు కనీసం ఏడు రోజులు, గతంలో కంకషన్లున్నవాళ్ళకి పన్నెండు. క్రికెట్‌లో ఐసీసీ 2025లో పెట్టిందీ ఏడు రోజులే. వాళ్ళకి చుట్టూ డాక్టర్లుంటారు, రోజూ పరీక్షలుంటాయి కాబట్టి అంత ఆగనక్కర్లేదని చెప్తారు. ఆ కారణాన్ని కొంతవరకు ఒప్పుకుంటాను. ఏడుకీ ఇరవై ఒకటికీ మధ్యనున్న పద్నాలుగు రోజుల్లో రెండు టెస్టులు, లేదంటే నాలుగైదు లీగ్ మ్యాచ్‌లు పడతాయన్నది కూడా నాకు లెక్కలోకి వస్తుంది.